మన్యం కొండదారుల్లో పొద కొట్టడానికి ఏ పనిముట్టు కొనాలి?

పాడేరు, చింతపల్లి, అరకు వైపు కాఫీ తోటలకు వెళ్లే కాలిబాటలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడే వానలకు కమ్ముకుపోతాయి. దసరా దాటాక చూస్తే నడుము ఎత్తు గడ్డి, అడ్డంగా పాకిన తీగలు, రెండు పక్కల నుంచి వాలిన తలంబ్రాల కంప (లాంటానా) తప్ప దారి ఆనవాలు కనబడదు. నవంబరులో కాఫీ పళ్లు తెంపే పని ఊపందుకునేలోగా ఆ దారి తెరుచుకోవాలి. బస్తా నెత్తిన పెట్టుకుని దిగే మనిషికి అడుగు ఎక్కడ పడుతుందో కనబడి తీరాలి.

ఇందుకు పొద కొట్టే మిషన్ (బ్రష్ కట్టర్) కొందామని దుకాణానికి వెళ్తే ముందు చెప్పేది సీసీ, అంటే ఇంజను సైజు. 52 సీసీ అయితే గట్టిది, 35 సీసీ అయితే చిన్నది అంటారు. మైదానంలో మామిడి తోటకో చెరువు గట్టుకో ఆ లెక్క కొంతవరకు సరిపోతుంది. కొండవాలులో చెట్ల మధ్య దారికి మాత్రం సరిపోదు. అక్కడ తేల్చేవి మూడు: మీ కాలు నిలిచే వాలు ఎంత, కొట్టాల్సిన కాండం ఎంత లావు, మిషన్‌ను ఎంత దూరం మోయాలి. ఈ మూడూ కొలిచాకే ఇంజను సంగతి.

వాలు కొలవడానికి పరికరం అక్కర్లేదు. మీటరు పొడవు తిన్నని కర్ర తీసుకోండి. ఒక కొసను ఎగువ వైపు నేలకు ఆనించి, కర్రను సమంగా పట్టుకోండి. సగం నీళ్లున్న సీసాను దానిమీద పడుకోబెడితే సమంగా ఉందో లేదో తెలిసిపోతుంది. ఇప్పుడు రెండో కొస నుంచి నేల దాకా ఎంత దిగుడు ఉందో కొలవండి. 27 సెంటీమీటర్లుంటే వాలు 15 డిగ్రీలు, 36 ఉంటే 20, 58 ఉంటే 30. పూర్తిగా మీటరు ఉంటే 45 డిగ్రీలు, అంటే అక్కడ మిషన్ పట్టుకుని నిలబడే మాటే లేదు. దారి ఎక్కుడును ఒకసారి, దారికి అడ్డంగా ఉన్న పక్కవాలును ఇంకోసారి కొలవండి. మనిషిని జార్చేది ఎక్కువగా రెండోదే. నడిచే చోటు సమంగానే ఉన్నా, పక్కన పొద కొట్టేటప్పుడు ఒక కాలు దారి దిగి వాలులో పడుతుంది.

కాండం లావు మోకాలి ఎత్తున చూడండి. పెన్సిలంత, బొటనవేలంత, మణికట్టంత అని మూడు రకాలుగా విడదీస్తే చాలు. ఏది ఎక్కువ ఉందో దాన్ని బట్టి బ్లేడు. ఏది అక్కడక్కడ మాత్రమే ఉందో దానికి చేతి పనిముట్టు.

చక్రాల మిషన్లు

తోసుకుంటూ పోయే గడ్డి మిషన్లను, పవర్ వీడర్‌కు (కలుపు తీసే మిషన్‌కు) కోత జోడింపు బిగించిన వాటిని ఈ పనికి చూడొద్దు. 15 డిగ్రీల పక్కవాలు దాటితే చక్రం జారుతుంది, చెట్టు వేళ్ల మీద ఎగురుతుంది. అంతకంటే పెద్ద సమస్య పైకి కనబడదు. ఈ మిషన్లకు ఉండే చాలా ఫోర్ స్ట్రోక్ (ఆయిల్‌ను పెట్రోలులో కలపకుండా విడిగా పోసే) ఇంజన్లలో అడుగున ఉన్న ఆయిల్‌ను చిన్న గరిటె లాంటి భాగం చిలకరిస్తూ ఉంటుంది. హోండా జీఎక్స్ 160 లాంటి వాటికే ఆగకుండా నడపదగిన వంపు 20 డిగ్రీలు. అది దాటితే ఆయిల్ ఒక పక్కకు చేరి గరిటెకు అందదు. ఇంజను నడుస్తూనే ఉంటుంది, లోపల పిస్టన్ ఎండిపోతుంది. పట్టేశాక గానీ సంగతి తెలియదు. రిమోట్‌తో నడిచే గొలుసు చక్రాల మిషన్లు నిటారు గట్లు కూడా ఎక్కుతాయి. కానీ అవి రోడ్డు గట్ల పనికి, పెద్ద కాంట్రాక్టులకు. రెండడుగుల కాలిబాటలో, కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్ల సందుల్లో వాటికి చోటు లేదు.

భుజానికా, వీపుకా?

అసలు ఎంపిక ఇక్కడే. భుజానికి బెల్టుతో వేలాడే రకంలో ఇంజను, గొట్టం, బ్లేడును తిప్పే గేరు తల ఒకే వరుసలో ఉంటాయి. వీపున వేసుకునే రకంలో ఇంజను సంచిలా వెనక కూర్చుంటుంది, వంగే గొట్టం లోపలి తీగ బ్లేడును తిప్పుతుంది.

వీపు రకం చేతులకు తేలిక. గడ్డి మాత్రమే ఉన్న గట్లకు, మెట్ల పొలాల అంచులకు బాగుంటుంది. నిటారు దారిలో మాత్రం భుజం రకమే మేలని మా గట్టి అభిప్రాయం. బరువంతా వీపు పైభాగాన ఉంటే కాలు జారినప్పుడు మనిషిని వెనక్కో పక్కకో లాగేస్తుంది. పడ్డాక రెండు భుజాల పట్టీలు విప్పుకుని బయటపడటం ఆలస్యం. భుజం రకానికి ఒక్క లాగుతో ఊడే కొక్కెం ఉంటుంది. కొనేటప్పుడు ఆ కొక్కెం ఉందో లేదో చూసి, దుకాణంలోనే రెండుమూడుసార్లు లాగి చూడండి. ఇంకొకటి, వంగే గొట్టం లోపలి తీగకు గ్రీజు తరచుగా పెట్టాలి. లేదంటే వేడెక్కి తెగుతుంది. దాని వంపు మరీ ఇరుగ్గా పెట్టి లావు కాండాలు కొట్టినా అంతే. అందుకే రంపం బ్లేడు వేయాల్సిన పనికి వీపు రకం వద్దు.

భుజం రకంలో మళ్లీ హ్యాండిల్ చూడాలి. సైకిల్ హ్యాండిల్ లాంటిది విశాలమైన చోట రోజంతా ఊపడానికి హాయి. ఇరుకు దారిలో దాని కొమ్ములు చెట్లకు తగులుతాయి, గట్టు వైపు కొట్టేటప్పుడు మోకాలికి అడ్డం వస్తాయి. గుండ్రటి హ్యాండిల్ అయితే గొట్టాన్ని ఎలా కావాలంటే అలా తిప్పుకోవచ్చు, నిటారు గట్టు మీదకు ఎత్తి కూడా కొట్టవచ్చు. కానీ దానికి ఇనుప బ్లేడు వేస్తే, కాలు బ్లేడు వైపు పోకుండా ఆపే అడ్డ కమ్మీ తప్పకుండా ఉండాలి. అది లేని గుండ్రటి హ్యాండిల్ నైలాన్ దారానికే.

టూ స్ట్రోక్, ఫోర్ స్ట్రోక్, బ్యాటరీ

వాలులో పనికి టూ స్ట్రోక్ పాత నేస్తం. ఆయిల్ పెట్రోలులోనే కలిసి ఉంటుంది కాబట్టి ఎటు వంచినా తడి తగ్గదు. తేలిక, ఊపు ఎక్కువ. చిక్కల్లా కలపడంలోనే. కంపెనీ 50:1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40 మిల్లీలీటర్లు. స్టిల్ మిషన్లకు వాళ్ల ఆయిల్ అయితే 50:1, వేరే టూ స్ట్రోక్ ఆయిల్ అయితే 25:1. సీసా మూతతో అందాజుగా పోయడం వల్లే చాలా ఇంజన్లు పాడవుతాయి. తక్కువైతే పిస్టన్ గీసుకుపోతుంది, ఎక్కువైతే ప్లగ్ నల్లబడి సైలెన్సర్ నోరు మసితో పూడుతుంది. ఇంజెక్షన్ సిరంజి ఒకటి డబ్బాకు కట్టి ఉంచితే ఆ బాధ తీరుతుంది.

ఫోర్ స్ట్రోక్‌లో పైన చెప్పిన చిలకరించే రకం వేరు, బ్రష్ కట్టర్ కోసమే చేసిన చిన్న ఇంజను వేరు. హోండా జీఎక్స్ 35 (35.8 సీసీ) లాంటివి ఆయిల్‌ను మంచులా మార్చి పంపుతాయి, అందుకే ఏ వంపులోనైనా నడుస్తాయి. ఉత్త పెట్రోలు చాలు, పొగ తక్కువ, చప్పుడూ కొంత తక్కువ. కానీ దాని ఆయిల్ తొట్టె పట్టేది 100 మిల్లీలీటర్లే. ఆ కాస్తలో సగం తగ్గినా ఇంజనుకు ముప్పే. ఉదయం మొదలుపెట్టే ముందు సమంగా పెట్టి ఆయిల్ చూడటం, మొదటి 10 గంటలకు, ఆ తర్వాత 50 గంటలకోసారి మార్చడం తప్పదు. కొన్న మిషన్‌ను ఒక్కరే చూసుకునేటట్టయితే ఫోర్ స్ట్రోక్ తీసుకోండి. పదిమంది చేతులు మారే సంఘం మిషన్ అయితే టూ స్ట్రోక్ కొని, పెట్రోలు కలిపే పని ఒక్కరికే అప్పజెప్పండి. పదిమంది వాడే ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ చూసేది నా పని కాదని ప్రతివాళ్లూ అనుకుంటారు.

సైజు విషయంలో 35 నుంచి 42 సీసీ దగ్గర ఆగండి. సముద్రమట్టం నుంచి ప్రతి 300 మీటర్ల ఎత్తుకు ఇంజను బలం దాదాపు 3 శాతం తగ్గుతుంది. వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న తోటలో పదో వంతు పోతుందన్న మాట. అందుకని 25 సీసీ చాలదు. అలాగని 52 సీసీ తీసుకుంటే పెరిగే బరువును ప్రతి మలుపులోనూ మీ నడుమే మోయాలి. ఆ అదనపు బలాన్ని వాడుకోగలిగినంత నిలకడ వాలులో కాలికి ఉండదు.

బ్యాటరీ మిషన్లు ఇంటి చుట్టూ, రిసార్టు దారుల్లో బాగుంటాయి, అతిథులున్న చోట చప్పుడు చేయవు. గంట నడక దూరంలో ఉన్న తోటకు రోజంతా సరిపడా బ్యాటరీలు మోయడం పెట్రోలు డబ్బా మోయడంకన్నా కష్టం.

బ్లేడే సగం మిషన్

రెండు మిషన్ల మధ్య తేడాకన్నా రెండు బ్లేడ్ల మధ్య తేడా పెద్దది. ఖర్చు మిగుల్చుకోవాలంటే ఇంజను మీద మిగుల్చుకోండి, బ్లేడు మీద వద్దు.

నైలాన్ దారం లేత గడ్డికి, రాళ్ల దగ్గరికి. 2.4 నుంచి 3 మిల్లీమీటర్ల దారం చాలు. రాయికి తగిలితే దారం తెగుతుంది, అంతే. కానీ కాఫీ మొక్క మొదట్లోకి, సిల్వర్ ఓక్‌కు పాకించిన మిరియాల తీగ దగ్గరికి దాన్ని పోనివ్వకండి. మిరియాల తీగ మొదలు దగ్గర బెరడు చుట్టూ గీసుకుపోయిన సంగతి ఆ పూట తెలియదు, కొన్నాళ్లకు తీగ పైనుంచి వడలిపోతూ వస్తుంది. చెట్టు మొదలు చుట్టూ ఒక మూర మేర కొడవలితోనే చేయాలి.

మూడు పళ్ల బ్లేడు మన దారులకు ముఖ్యమైన బ్లేడు. ముదురు గడ్డి, బోద, బొటనవేలు లావు దాకా తలంబ్రాల కంప, లేత ఈత మట్టలు అన్నీ తీస్తుంది. ఆకురాయితో కొండమీదే పదును పెట్టుకోవచ్చు. పెట్రోలు పోసిన ప్రతిసారీ ఒక్కో పంటికి ఒకే లెక్కన నాలుగైదు గీతలు గీయండి. ఒక పన్ను ఎక్కువ అరిగితే బ్లేడు తూకం తప్పి చేతులు అదురుతాయి.

మణికట్టు లావు దాకా కాండాలకు ఉలిపళ్ల రంపం బ్లేడు. ఇది ఊపి కొట్టే బ్లేడు కాదు, కాండానికి ఆనించి కోసేది. దీనికి వేరే గార్డు ఉంటుంది, అదీ కొనాలి.

దుకాణాల్లో ఎక్కువగా అంటగట్టేది 40 లేదా 80 పళ్ల కార్బైడ్ (గట్టి లోహం) మొనల బ్లేడు. మైదానంలో ముదురు కంపకు అది బాగానే కోస్తుంది. రాళ్ల దారిలో మాత్రం పెద్ద ప్రమాదం. ఆ మొనలు గట్టివే గాని పెళుసు. రాయికి తగిలితే ఊడి ఎగిరిపోతాయి, ఎటు పోయాయో కంటికి కనబడదు. 80 పళ్ల సందుల్లో పచ్చి తీగ నార ఇరుక్కుని కోత ఆగిపోయి, బ్లేడు రాపిడికి వేడెక్కి నీలం తిరగడం ఇంకో తంటా. మన కొండదారిలో మట్టి కింద ఎక్కడ రాయి ఉందో ఎవరికీ తెలియదు కాబట్టి దీన్ని కొనకపోవడమే మంచిది.

బ్లేడు కొనే ముందు నడిమి రంధ్రం కొలవండి. మన మార్కెట్లో చాలా మిషన్లకు 25.4 మిల్లీమీటర్లు, స్టిల్ లాంటి కొన్నింటికి 20 మిల్లీమీటర్లు. పెద్ద రంధ్రం బ్లేడును చిన్న కుదురు మీద వాషర్లతో సర్దితే అది నడిమధ్యన కూర్చోదు. బిగించే నట్టుకు చాలా మిషన్లలో మర తిరగేసి ఉంటుంది, కుడికి తిప్పితే వదులవుతుంది. తెలియక ఎడమకు బలంగా తిప్పి మరలు పాడుచేసేవాళ్లు ఎక్కువ. వారానికోసారి బ్లేడు విప్పి, వేలికి తగిలించి, స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గంటలా ఖంగుమంటే బాగుంది. మొద్దు చప్పుడు వస్తే ఎక్కడో పగులుంది. పళ్ల మధ్య లోయల్లో మసి తుడిచి చూడండి, వెంట్రుకంత గీత కనబడుతుంది. ఆ బ్లేడును పారేయాలి, వెల్డింగ్ చేయించకూడదు.

చేతి పనిముట్లు ఎక్కడ గెలుస్తాయి

30 డిగ్రీలు దాటిన పక్కవాలు, గెడ్డ (వాగు) దాటే చోట్లు, రాతి మెట్లు, ఇవి మిషన్ ఆపేసే చోట్లు. మచ్చుకత్తి, వంపు రంపం, కొడవలి మోసుకెళ్లండి. పన్నెండు అంగుళాల వంపు రంపం నాలుగు అంగుళాల లావు కొమ్మను కూడా చప్పుడు లేకుండా తీసేస్తుంది. మచ్చుకత్తితో ఒక జాగ్రత్త. ఏటవాలుగా నరికితే మిగిలిన మోడు బల్లెంలా నిలుస్తుంది. పైన ఆకులు రాలి కప్పేశాక చెప్పుల కాలితో దానిమీద అడుగేస్తే అరికాలు చీల్చేస్తుంది. మోడును నేల మట్టానికి రంపంతో అడ్డంగా కోసేయండి.

తలంబ్రాల కంపను మిషన్‌తో కొడితే ఆ ఏడాదికి దారి తెరుచుకుంటుంది, వానలు పడగానే ఒక్క మోడు నుంచి గుంపుగా చిగుళ్లు లేస్తాయి. దాన్ని వదిలించుకోవాలంటే ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు బృందం ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఉంది. నేలకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల కింద తల్లివేరును పారతోనో గునపంతోనో తెంచి, పొదను ఎత్తి తలకిందులుగా ఎండబెట్టడం. చిగురు పుట్టేది వేరు మెడ దగ్గరే, అది నేల వదిలాక ఇక లేవదు. దారి పొడవునా ఒకేసారి చేయలేరు. ఏటా వంద మీటర్లు ఇలా చేసి, మిగతాది మిషన్‌తో కొట్టండి. వేరు తీసిన గుంతను వెంటనే మట్టితో తొక్కి పూడ్చకపోతే వాన నీరు అక్కడే దారి కోస్తుంది.

చైన్ సా పడిపోయిన చెట్టుకే. పొదలో దాని గొలుసు సన్నకొమ్మల్ని పట్టుకుని మీవైపు విసురుతుంది.

వాలులో పట్టు

పైనుంచి చూస్తే బ్లేడు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. ముందువైపు పన్నెండు గంటలనుకుంటే, ఎనిమిది నుంచి పదకొండు మధ్య భాగంతో కొట్టాలి. పన్నెండుకీ మూడుకీ మధ్య భాగం లావు కాండానికి తగిలితే మిషన్ విసురుగా తన్నుతుంది. కుడి నుంచి ఎడమకు ఊపుతారు కాబట్టి, లోయ ఎడమవైపు ఉండేలా నడిస్తే కొట్టిన చెత్త దానంతటదే కిందకు జారుతుంది. మలుపు తిరగగానే లోయ కుడికి వస్తుంది. ఆ ముక్కలో గట్టు వైపు మాత్రం కొట్టి, లోయ అంచును తిరుగు నడకలో చేయండి. గడ్డికి బ్లేడు నేలకు తగిలీ తగలనట్టు, రంపం బ్లేడు అయితే నేలకు జానెడు పైన వేలాడేలా బెల్టు సర్దుకోండి. మట్టి గీరొద్దు, వేళ్లు పట్టుకున్న ఆ అంగుళం గడ్డే వానలకు దారిని నిలుపుతుంది.

పదిహేను మీటర్ల లోపల ఎవరూ ఉండకూడదు. మెలికల దారిలో ఇంకో లెక్క కూడా ఉంది. మీకు సరిగ్గా కింద ఉన్న మలుపులో అసలు ఎవరూ ఉండకూడదు, దొర్లే రాయి పదిహేను మీటర్ల దగ్గర ఆగదు. ముఖానికి జల్లెడ ముసుగుతో పాటు లోపల కళ్లజోడు, చెవులకు మూతలు, మోకాలి దాకా బూట్లు ఉండాలి. పాములకు ఆ బూటే రక్ష. దురదగొండి కాయలు ఎండిన చోట మిషన్ పెట్టకండి, నూగంతా గాలిలో లేచి మెడలోకి, కళ్లలోకి పోతుంది. తేనెపట్టు, కందిరీగల గూడు ముందే నడిచి చూసుకోండి, ఇంజను అదురుకు అవి లేస్తాయి.

తీగలున్న చోట వచ్చే చేటు నెమ్మదిగా వస్తుంది. బ్లేడు కింద గేరు తలకు తీగ చుట్టుకుంటుంది. నార లోపలికి దూరి ఆయిల్ సీలును తినేస్తుంది, గ్రీజు కారిపోతుంది, గేర్లు అరుగుతాయి. తల చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఆపి చూడండి. ఇంజను ఆర్పి, బ్లేడు నిలిచాకే కత్తితో తీగ కోయాలి. 20, 25 గంటలకోసారి గేరు తలలో గ్రీజు పెట్టండి, కానీ నిండా కూరొద్దు.

పెట్రోలు ఇప్పుడు ఇథనాల్ కలిసి వస్తోంది, తేమ పీల్చుకుంటుంది. కలిపిన పెట్రోలు నెల దాటితే వాడొద్దు. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను ఆగిపోయేదాకా నడిపి పెట్టండి. ఎండాకాలంలో వేడి ఇంజనులో పెట్రోలు పోయడం, పోసిన చోటే స్టార్ట్ చేయడం అడవికి నిప్పు పెట్టడమే. మూడు మీటర్లు జరిగి లాగండి.

కొనే రోజు

రిజర్వు అడవిలోంచి పోయే దారి అయితే ముందు రేంజి ఆఫీసులో అనుమతి తీసుకోండి, 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద అనుమతి లేకుండా అక్కడ పొద నరికినా నేరమే. సబ్సిడీ ఉందేమో రైతు సేవా కేంద్రంలో అడగండి. కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో చిన్న, సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు సగం దాకా, మిగతావారికి 40 శాతం దాకా పరిమితికి లోబడి ఇచ్చే నిబంధన ఉంది. అయితే సబ్సిడీ జాబితాలో ఉందని 52 సీసీ వీపు మిషన్ తెచ్చుకోకండి.

దుకాణంలో సగం ట్యాంకు పోయించి, స్టార్ట్ చేయించి, మిషన్‌ను గట్టు మీద కొట్టేటట్టు పక్కకు వంచి అర నిమిషం ఉంచండి. చవక మిషన్లలో ట్యాంకు లోపలి ఫిల్టర్ గొట్టం పొట్టిగా ఉండి, వంచగానే గాలి పీల్చి ఇంజను ఒక్కసారి అరిచి ఆగిపోతుంది. అలా ఆగినా, మూత దగ్గర పెట్రోలు కారినా ఆ మిషన్ వద్దు. యాక్సిలరేటర్ వదిలేస్తే బ్లేడు తిరగడం ఆగాలి. తిరుగుతూనే ఉంటే ఐడిల్ (యాక్సిలరేటర్ వదిలినప్పటి ఇంజను వేగం) సరిచేయించండి, అప్పటికీ ఆగకపోతే క్లచ్ బాగోలేనట్టే. చివరగా స్టార్టర్ తాడు, ఎయిర్ ఫిల్టర్, క్లచ్, గేరు తల ఈ నాలుగూ విడిగా దొరుకుతాయా అని అడిగి, పాడేరులోనో నర్సీపట్నంలోనో ఆ భాగాలు ఉన్న దుకాణం పేరు బిల్లు మీద రాయించుకోండి.